దిగితే గాని తెలియదా?

మా ఇంటి గచ్చు మీద అన్నం వడ్డించుకుని తినొచ్చునని మా ఆడపడుచు నలుగురిలో అంటూ ఉంటుంది. ఆ మాట నా చెవిన పడనట్టు నటిస్తూనే, పక్కవాళ్ళ చెవిన పడిందో లేదో ఓరగా చూసుకుంటాను. పండగ వారం ఉందనగానే బూజులు దులపడం, డబ్బాలు దించి తోమడం, పరదాలు ఉతకడం, ఇత్తడి సామాను చింతపండు పెట్టి రుద్దడం, బాత్రూముల్లో యాసిడ్ పోసి తళతళలాడించడం... ఇవన్నీ మీకు నేను చెప్పాలా? మీరూ నాలాంటివాళ్ళే కదా!

అయితే ఒక్క సంగతి అడుగుతాను, కోప్పడకండి. మీ ఇంటి సెప్టిక్ ట్యాంకు ఎక్కడుంది? ఎంత లోతు? లోపల ఎన్ని అరలు? ఆఖరిసారి ఎప్పుడు తీయించారు? ఇప్పుడు ఎంతవరకు నిండింది?

డబ్బాలో బియ్యం ఎన్నాళ్ళకు సరిపోతాయో చూపుతోనే చెప్పేస్తాం. సిలిండరు కాస్త ఎత్తి చూసి, గ్యాసు ఎల్లుండికి వస్తుందో రాదో చెప్పేస్తాం. ఈ ప్రశ్నకు మాత్రం నోరు వెళ్ళబెడతాం. నేనూ వెళ్ళబెట్టినదాన్నే. ఆ సంగతే చెప్పుకుందామని కలం పట్టాను. భోజనాల వేళ చదవకండి, అంతే!

మాది రాయికోడ్. జహీరాబాదు వైపు, వీరభద్రస్వామి గుడి ఉన్న ఊరు. ఒకప్పుడు మెదక్ జిల్లా, 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. మా వారు బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. ఇల్లు కట్టుకునేటప్పుడు మేస్త్రీ, "సారూ, ట్యాంకు ఎంత పెద్దగ కడితే అంత మంచిది. మీ మనుమల కాలం దాంక దాని దిక్కు చూసే పనుండదు" అన్నాడు. మా వారికి ఆ మాట తెగ నచ్చేసింది. వంటింట్లో ఇంకో అలమర అడిగితే డబ్బుల్లేవన్న మనిషి, పెరట్లో మాత్రం చిన్న బావి అంత గొయ్యి తవ్వించారు. పైన షాబాదు బండలు పరిపించారు. నేను సందుల్లో సిమెంటు పూయించి, ఆ బండల మీద బంతి కుండీలు, చామంతి కుండీలు వరసగా పేర్చాను. అక్కడొక ట్యాంకు ఉందన్న ఆనవాలు కూడా లేకుండా చేశాను. అదీ నా శుభ్రత!

ఆ తరువాత పద్దెనిమిదేళ్ళు దాని ఊసే లేదు. "మా ట్యాంకు ఇన్నేళ్ళయినా నిండలేదోయ్" అని మా వారు చుట్టాలకు కొడుకు ర్యాంకు చెప్పుకున్నట్టు చెప్పుకునేవారు. నేనూ పక్కనుండి తల ఊపేదాన్ని.

ట్యాంకుల గురించి నాకు మొదటి పాఠం అయింది మా ఊళ్ళో కాదు, అమెరికాలో. ఆ మధ్య అబ్బాయి దగ్గరికి డాలస్ వెళ్ళాం. అబ్బాయీ కోడలూ మమ్మల్ని గ్రాండ్ కాన్యన్ చూడడానికి తీసుకువెళతామని ఒక బండి అద్దెకు తెచ్చారు. బండి అంటే బండి కాదు, చక్రాల మీద ఇల్లు. ఆర్వీ అంటారట. అందులో పొయ్యి, ఫ్రిజ్, పడకలు, స్నానాల గది, దొడ్డి అన్నీ ఉన్నాయి. కోడలు సంబరంగా, "అత్తయ్యా, ఇదిగో మీ మంచం" అని చూపిస్తుంటే నేను మాత్రం బాత్రూము తలుపు తీసి చూసి, "ఇదంతా ఎక్కడికి పోతుందిరా?" అన్నాను.

అబ్బాయి నవ్వాడు. "ఎక్కడికీ పోదమ్మా. మనతోనే వస్తుంది."

బండి కింద మూడు ట్యాంకులున్నాయి. ఒకటి మంచినీళ్ళది. గిన్నెలు కడిగిన నీళ్ళు, స్నానం నీళ్ళు చేరేది రెండోది, దాన్ని బూడిదరంగు ట్యాంకు అంటారు. మూడోది నల్ల ట్యాంకు. అందులోకి ఏం చేరుతుందో పేరే చెబుతోంది. లోపల గోడకు ఒక చిన్న పలక ఉంది. మీట నొక్కితే దీపాలు వెలిగి ఖాళీ, మూడో వంతు, మూడింట రెండు వంతులు, నిండు అని చూపిస్తాయి. మా వారు గంటకోసారి ఆ మీట నొక్కి, మాకు వార్తలు చదివినట్టు చదివి వినిపించారు.

రెండో రోజు ట్యాంకు నిండిందన్నది పలక. దారిలో ఇలాంటి బండ్లు ఖాళీ చేసుకోవడానికి వేరే చోట్లు కట్టి ఉంటాయి. అక్కడికి వెళ్ళి గొట్టం తగిలించి అంతా వదిలేశాడు అబ్బాయి. తిరిగొచ్చి మీట నొక్కితే ఏముంది? ఇంకా మూడింట రెండు వంతులే! మళ్ళీ గొట్టం తగిలించాడు. చుక్క రాలేదు. పలక మాత్రం మొండిగా అదే మాట. బండి అద్దెకిచ్చినవాళ్ళకు ఫోను చేస్తే, "అది అట్లాగే చూపిస్తుంది, పట్టించుకోకండి" అన్నారట.

ఆ రాత్రి పక్కన ఆగిన బండిలోని ఒక పెద్దావిడ ఆ చిక్కు విప్పింది. ఆ ట్యాంకు గోడలకు, ఒకదాని పైన ఒకటిగా, మేకుల్లాంటి లోహపు మొనలు దిగ్గొట్టి ఉంటాయట. లోపలి నీళ్ళు ఏ మొన దాకా తగిలితే ఆ మొన గుండా సన్నటి కరెంటు పారి ఆ దీపం వెలుగుతుంది. కాగితం ముక్కలు, మడ్డి ఆ మొనల మీద అట్ట కడితే, ట్యాంకు ఖాళీ అయినా ఆ తడి మడ్డిలోంచే కరెంటు పారుతుంది. దీపం వెలుగుతూనే ఉంటుంది. "మీ మీటరు చెడిపోలేదు, మురికి పట్టింది" అన్నదావిడ.

మందు కూడా ఆవిడే చెప్పింది. వాడిన ప్రతిసారీ నీళ్ళు ధారాళంగా పోయాలి. నీళ్ళకు పిసినారితనం చూపితేనే మడ్డి కడుతుంది. నల్ల ట్యాంకు కవాటం ఎప్పుడూ తెరిచి ఉంచకూడదు. తెరిచి ఉంచితే నీళ్ళు జారిపోయి, గట్టిది మాత్రం గుట్టలా పేరుకుంటుంది. కాస్త నిండనిచ్చి ఒక్కసారిగా వదిలితే ఆ వేగానికి అంతా కొట్టుకుపోతుంది. ముందు నల్లది వదలాలి, తరువాత బూడిదరంగుది. ఆ సబ్బునీళ్ళతో గొట్టం కూడా కడుక్కుపోతుంది. ఖాళీ అయ్యాక సగం దాకా మంచినీళ్ళు పోసి బండి నడిపితే, లోపల నీళ్ళు అటూ ఇటూ కొట్టుకుని మొనలు కడుగుతాయి. మడ్డిని కరిగించే సూక్ష్మక్రిముల మందు వేయొచ్చు గాని, ఆ క్రిములనే చంపే ఘాటు మందులు పోయకూడదు. తడి తుడుపు కాగితాలు లోపల వేయనే వేయకూడదు. జిడ్డు తొట్టిలో పోయకూడదు, బూడిదరంగు ట్యాంకు మొనలకు ఆ జిడ్డే పడుతుంది. ఇప్పుడు ట్యాంకు బయటి గోడకే అతికించే మీటర్లు కూడా వచ్చాయి. అవి మురికిని ముట్టుకోకుండానే లోపల ఎంతుందో చెబుతాయి.

మర్నాడు మా అబ్బాయి, ఇంట్లో తాను తాగిన గ్లాసు తాను తీయని అబ్బాయి, చేతులకు తొడుగులు వేసుకుని ఆ పనంతా చేశాడు. నీళ్ళు నింపాడు, వదిలాడు, తేటగా వచ్చేదాకా కడిగాడు. దీపం దిగివచ్చింది. నాకు మాత్రం కళ్ళనీళ్ళు తిరిగాయి. "ఇందుకేనట్రా నిన్ను ఇంజనీరింగు చదివించింది?" అన్నాను.

"ఇక్కడ ఎవరిది వాళ్ళే చేసుకోవాలమ్మా" అన్నాడు వాడు, గొట్టం చుడుతూ.

మా వారు గర్వంగా, "మన దగ్గర ఈ గోల లేదురా! పద్దెనిమిదేళ్ళుగా..." అని మొదలుపెట్టారు.

ఇక మా ఊరికి వస్తాను. పోయిన బతుకమ్మకు నాలుగు రోజుల ముందు. వానలు దంచి కొట్టి వెళ్ళాయి. మా వైపు నల్లరేగడి సంగతి తెలిసినవాళ్ళకు తెలుసు. ఎండాకాలం కాలు దూరేంత పగుళ్ళు విడుస్తుంది, వానాకాలం ఉబ్బి చుక్క నీరు పీల్చుకోదు. మా దొడ్డిలో పోసిన నీళ్ళు దిగడం మానేశాయి. మర్నాటికి వెనక్కి తన్నాయి. కూతురూ అల్లుడూ పండక్కి వస్తున్నారు. ఇంకేముంది, ఇల్లంతా గగ్గోలు!

ఎవరో చెబితే ఇద్దరు మనుషులు వచ్చారు. ఒకరికి నలభై ఉంటాయి. రెండోవాడు మీసాలు సరిగ్గా రాని కుర్రాడు. ఒక తాడు, రెండు బకెట్లు, ఒక గడ్డపార. అంతే సామాను. ఏ వాడ నుంచి వచ్చారో నేను చెప్పక్కరలేదు. ఆ పనికి ఎప్పుడూ ఏ వాడ నుంచి వస్తారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. నాలుగు వేలు అడిగారు. నేను మూడన్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, అరగంట బేరమాడాను. ఆ వారమే జహీరాబాదులో చీరలు కొన్నప్పుడు అంత బేరమాడలేదు.

కుండీలు జరిపారు. ఇంత శ్రద్ధగా నేను పూయించిన సిమెంటు గడ్డపారతో కొట్టి, ఒక బండ పక్కకు లాగారు. కుళ్ళిన కోడిగుడ్ల కంపు గుప్పుమంది. పెద్దతను అంగీ విప్పి నడుముకు తాడు కట్టుకుంటున్నాడు. తాగి ఉన్నాడని మా వారు గొణిగారు. అతను విన్నాడు. "తాగకుంటె దిగలేం సారూ" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగా.

ఎందుకో నాకు ఆర్వీలోని ఆ పలక గుర్తొచ్చింది. "అది ఎంత లోతుందో, అడుగున మడ్డి ఎంతుందో ఎట్లా తెలుస్తుంది?" అని అడిగాను.

"దిగినాంక తెలుస్తదమ్మా" అన్నాడు.

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. అమెరికాలో ఆ లెక్క చెప్పడానికి నాలుగు మేకులు పెట్టుకున్నారు. మేకులు అబద్ధం చెబితే వాటిని కడుక్కోవడానికి ఎన్ని అవస్థలు పడ్డాం! ఇక్కడ ఆ మేకు పని మనిషి చేస్తున్నాడు. నడుం దాకా వస్తే సగం, గుండెల దాకా వస్తే ముప్పాతిక. తల మునిగితే? మీటరు పాడైతే కొత్తది తెచ్చుకుంటాం. ఈ మనిషికి ఇంట్లో పెళ్ళాం పిల్లలున్నారు. పైన తాడు పట్టుకుని నిలబడిన ఆ కుర్రాడు అతని కొడుకే.

"వద్దు బిడ్డా, దిగకు" అన్నాను. మా వారు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. జహీరాబాదు నుంచి గుంజే బండి పిలిపిద్దామన్నాను. ఈ పూట రాదట. రేపు సాయంత్రానికి గాని రాదట. పండగ ముందు ఇంట్లో అంతమందికి దొడ్డి లేకుండానా? అవును, లేకుండానే. పక్కింటి వదినను బతిమాలి ఒక రోజు గడిపాం. వాళ్ళిద్దరికీ కూలి ఇవ్వబోతే, "పని చెయ్యకుంట పైసలెట్ల తీసుకుంటమమ్మా" అని పెద్దతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మూడు వేలకు అరగంట బేరమాడిన నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

మర్నాడు బండి వచ్చింది. గొట్టం పట్టుకోవడానికి అతన్నే పిలిపించాను. పైనే నిలబడి పట్టుకున్నాడు. ట్యాంకు ఖాళీ అయ్యాక పైనుంచి టార్చి వేసి చూశాం. లోపల ఒక్క అడ్డుగోడ లేదు. అడుగున గచ్చూ లేదు, ఉత్త మట్టి. పద్దెనిమిదేళ్ళు ఎందుకు నిండలేదో అప్పుడు తెలిసింది. నిండవలసిందంతా భూమిలోకి ఇంకిపోయింది. పదడుగుల అవతలే మా బోరు! మడ్డి పేరుకుని, నేల ఇక పీల్చుకోలేనన్నాక గాని మాకు ఖబురు అందలేదు. మా వారి ర్యాంకు అట్లా బయటపడింది. ఆర్వీలో పలక ఖాళీ ట్యాంకును నిండిందని అబద్ధమాడింది. మా ఇంట్లో మేమే, నిండుతున్నదాన్ని నిండలేదని పద్దెనిమిదేళ్ళు అబద్ధమాడాం.

కనుక, అమ్మలారా, నా పోట్లాట మీతోనే. అంటే నాతోనే. "మా ట్యాంకు ఎప్పుడూ నిండలేదు" అన్న గొప్పను మనం మానుకోవాలి. నిండని సెప్టిక్ ట్యాంకు ఉండదు. ఉంటే అది కారుతోందని అర్థం. అసలు సెప్టిక్ ట్యాంకు పని దాచడం కాదు, తేర్చడం. గట్టిది అడుగుకు దిగుతుంది, నూనె, నురగ పైన తెట్టు కడతాయి, నడుమ తేరిన నీళ్ళు బయటి ఇంకుడు గుంతలోకి పోతాయి. గాలి తగలని చోట బతికే సూక్ష్మక్రిములు అడుగుదాన్ని కొంతవరకే తింటాయి. తినగా మిగిలిన మడ్డి ఏటేటా పెరుగుతుంది. రెండు మూడేళ్ళకోసారి దాన్ని యంత్రంతో తీయించాలి. తీయించకపోతే మడ్డి నీళ్ళతో పాటు ఇంకుడు గుంతలోకి పోయి దాన్నీ పూడుస్తుంది. ఇరవై ఏళ్ళు వదిలేస్తే మడ్డి రాయిలా గట్టిపడి యంత్రానికి లొంగదు. అప్పుడు, "బండితో కాదండీ, మనిషి దిగాల్సిందే" అంటారు. చూశారా, ఆ మనిషిని గోతిలోకి దింపేది ఆ రోజు అవసరం కాదు. ఇరవై ఏళ్ళ మన బద్ధకం.

"వాళ్ళే వస్తామంటారు, మనం బలవంతం చేశామా?" అంటుంది మా ఆడపడుచు. ఆ గోతిలో ఏముంటుందో తెలిస్తే అట్లా అనదు. కోడిగుడ్డు కంపు హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువుది. అది కొంచెం ఉన్నప్పుడు ముక్కు పసిగడుతుంది. ఎక్కువైతే ముక్కే మొద్దుబారిపోతుంది. కంపు పోయింది కదా, గాలి మంచిదైందనుకుని దిగినవాడు రెండు ఊపిరుల్లో కూలిపోతాడు. దానికి తోడు మీథేన్, పైగా పీల్చడానికి ప్రాణవాయువు ఉండదు. మూతికి కట్టుకున్న తువ్వాలు దేన్నీ ఆపదు. ఒకడు పడిపోతే తీయడానికి ఇంకొకడు దిగుతాడు, అతనికోసం మూడోవాడు. పేపర్లో ఇద్దరు, ముగ్గురు కలిసి పోయారని మనం చదివేది అందుకే. ఆ రోజు మా పెరట్లో తండ్రి పడిపోయి ఉంటే, తాడు పట్టుకున్న ఆ కుర్రాడు ఊరుకునేవాడా?

చట్టం మనవైపు వేలు చూపిస్తోందన్న సంగతి కూడా మనలో చాలామందికి తెలియదు. 2013లో వచ్చిన చట్టం ప్రకారం, రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగు కాలవలోకి గాని సెప్టిక్ ట్యాంకులోకి గాని దింపడం నేరం. కూలివాడికి కాదు, దింపినవారికి శిక్ష. మునిసిపాలిటీకే కాదు, ఏ వ్యక్తికైనా. అంటే మా వారికి, నాకు. మొదటిసారి రెండేళ్ళ దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. రెండోసారి అయిదేళ్ళు, 5 లక్షలు. ఈ పనిలో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీం కోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. ఈ పోరాటం నడిపినవారిలో ముందువరసలో ఉన్న బెజవాడ విల్సన్ మన తెలుగు బిడ్డ. కోలారు బంగారు గనుల దగ్గర, ఇదే పని చేసిన కుటుంబంలో పుట్టి, 2016లో మెగసెసే బహుమతి అందుకున్నారు. ఆయన బహుమతికి మనం చప్పట్లు కొట్టాం. పెరట్లో మాత్రం మూడు వేలకు బేరమాడుతున్నాం.

"అంత ఖర్చు ఎవరు పెడతారు?" అనొచ్చు. నాకు బండికయిన ఖర్చు పండగ చీరకయినదానికంటె ఎక్కువేం కాదు. అది కూడా రెండు మూడేళ్ళకోసారి. "మా సందులోకి బండి రాదు" అనొచ్చు. గొట్టాలు కలిపి పొడుగు చేస్తారు, ముందే అడగండి. హైదరాబాదులో జలమండలి 2017లోనే ఇరుకు సందుల్లోకి పోయే చిన్న యంత్రాలు దింపింది. మనసుంటే యంత్రం సన్నబడుతుందన్నమాట!

ఇల్లు కొత్తగా కట్టుకునేవాళ్ళు, స్థలం ఉంటే, జంట గుంతల దొడ్డి గురించి అడగండి. ఒక గుంత నిండగానే రెండోదానికి మళ్ళిస్తారు. మొదటిది ఏడాదికి పైగా మూసి ఉంచితే లోపలిది ఎండి, వాసన లేని ఎరువవుతుంది. 2017 ఫిబ్రవరిలో వరంగల్లు దగ్గర గంగదేవిపల్లిలో, అప్పటి కేంద్ర తాగునీటి, పారిశుధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా అలాంటి గుంతలో దిగి ఎరువు ఎత్తి పోశారు. ఢిల్లీ నుంచి వచ్చిన అంత పెద్ద ఆఫీసరు దిగగలిగిన గుంత అది. మా పెరట్లోది అట్లాంటిది కాదు. ఏ గుంతలోకి ఆఫీసరు దిగగలడో ఆ గుంత మంచిది. ఏ గుంతలోకి దిగడానికి మనిషి తాగి రావలసివస్తుందో అది మన తప్పు.

ఇప్పుడు మనం చెయ్యగలిగిన పనులు. ఇవన్నీ ఆర్వీ పెద్దావిడ చెప్పినవాటికి చెల్లెళ్ళే.

మొదటిది, ట్యాంకు మీది కుండీలు తీసెయ్యండి. తీసి పెట్టడానికి వీలుగా, గాలి చొరకుండా, పిల్లలు కదపలేనంత బరువుగా మూత పెట్టించండి. రెండోది, ఏడాదికోసారి కొలవండి. ఒక పొడుగాటి కర్రకు కింది భాగంలో మూడడుగుల మేర తెల్ల బట్ట గట్టిగా చుట్టి, మూతలోంచి నిటారుగా అడుగు దాకా దించి, కాసేపు ఉంచి మెల్లగా తీయాలి. మడ్డి ఎంతవరకు ఉందో అంతవరకు బట్ట నల్లగా అంటుకుంటుంది. నీటి లోతులో మడ్డీ తెట్టూ కలిపి మూడో వంతుకు వచ్చాయంటే బండిని పిలవాల్సిందే. మూత తీశాక కాసేపు దూరంగా జరగండి, లోపలికి తొంగి చూడకండి. బీడీ, అగ్గిపుల్ల, దీపం దగ్గరికి రానివ్వకండి. ఒంటరిగా చేయకండి.

మూడోది మనకు కష్టమైనది. ఆ యాసిడ్ సీసాలు తగ్గించండి. పింగాణీ తెల్లగా మెరవాలని రోజూ పోసే యాసిడూ ఫినాయిలూ లోపల మన పని చేసిపెట్టే క్రిములను చంపుతున్నాయి. బ్రష్షు పెట్టి రుద్దితే పోయే మరకకు యాసిడ్ ఎందుకు? నాలుగోది, నెలసరి గుడ్డలు, చంటిపిల్లల డైపర్లు, తడి తుడుపు కాగితాలు అందులో వేయకండి. ఇంట్లో ఆడపిల్లలకు ఇది నోరు తెరిచి చెప్పండి. సిగ్గుపడి మనం చెప్పకపోతే, వాటిని చేత్తో తీయవలసింది ఇంకొకరు. అయిదోది, వేపుడు నూనె తొట్టిలో పోయకండి.

ఆరోది, ట్యాంకు గుంజిన బండివాణ్ణి, "ఇది ఎక్కడ పోస్తావు నాయనా?" అని అడగండి. నేను అడిగాను. అతను నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. మాకు దగ్గర్లోనే మంజీర పారుతుంది. ఆ నీళ్ళు సింగూరు ప్రాజెక్టులో చేరతాయి. అక్కడి నీళ్ళు హైదరాబాదు దాకా తాగుతారు. ఎక్కడికీ పోదమ్మా, మనతోనే వస్తుంది అన్నాడు మా అబ్బాయి. ఆ మాట బండికే కాదు, ఊరికీ వర్తిస్తుంది. ఇలా గుంజినదాన్ని శుద్ధి చేసే కేంద్రం వరంగల్లులో ఉంది. వరంగల్లుకు వీలైనది మన ఊళ్ళకు ఎందుకు వీలు కాదని పంచాయతీలోనూ మునిసిపాలిటీలోనూ అడగవలసింది మనమే. మగవాళ్ళు అడగరు. వాళ్ళ ట్యాంకులు నిండవు కదా!

"ఇదంతా ఆడవాళ్ళు మాట్లాడే విషయమా?" అని మా వారు మొదట్లో సణిగారు. ఇల్లు శుభ్రంగా ఉంటే మెప్పు నాకు వస్తుంది గదా. అయితే దాని కింద ఉన్నదాని లెక్క కూడా నాదే.

ఇప్పుడు మా ట్యాంకు అడుగున గచ్చు పడింది, నడుమ అడ్డుగోడ లేచింది. ఇనుప మూత వచ్చింది. కుండీలు మెట్ల పక్కకు మారాయి. వంటింటి క్యాలెండరులో గ్యాసు బుక్ చేసిన తేదీ కింద ట్యాంకు కొలిచిన తేదీ కూడా రాసుకుంటున్నాను. కర్ర పెరటి గోడకు ఆనించి ఉంటుంది. మొన్న మా ఆడపడుచు వచ్చి, "ఇదేమిటి వదినా, బూజుకర్రా?" అంది.

"కాదమ్మా, మా మీటరు" అన్నాను.

అది పట్టుకుని పెరట్లోకి తీసుకువెళ్ళి చూపించాను. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది గాని, చివరిదాకా చూసింది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, వాళ్ళ ట్యాంకు ఎక్కడుందో మా అన్నయ్యగారికైనా తెలుసో లేదో అనుకుంటూ వెళ్ళింది.